పేరు లేని ముక్కలు

మనిషి తన చేతిని తాను నమ్మడం మానేసేది ఏ క్షణంలో? తప్పు చేసినప్పుడా, అది బయటపడినప్పుడా, లేక అంతా సర్దుకుంది, ఇంక ఫరవాలేదు అని పక్కవాళ్ళు చెప్పినప్పుడా? ఈ ప్రశ్నకి జవాబు ఇవాళ్టికీ దొరకలేదు. కత్తెరాయన సంగతి తెలిశాక మరీ చిక్కుపడిపోయింది.

కత్తెరాయనంటే దర్జీ కాదు, మంగలీ కాదు. మందుల షాపులో గుమస్తా. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే కౌంటరు వెనక నిలబడ్డాడు. పక్కనే స్టూలు ఉండేది గానీ దాని మీద ఆయన కంటే బిల్లు పుస్తకాలే ఎక్కువగా కూర్చున్నాయి. చీటీలో ఆరు బిళ్ళలు రాసి ఉంటే పది బిళ్ళల షీటు తీసి, టక్కున ఆరు కత్తిరించి, కవర్లో వేసి, తల ఎత్తకుండానే తరవాతి మనిషి వైపు చెయ్యి చాపేవాడు. అలా పేరు పడిపోయింది. ఇంట్లో పెళ్ళాం కూడా కోపం వచ్చినప్పుడు ఆ పేరుతోనే పిలిచేది.

షీటు కత్తిరించడానికి ఒక పద్ధతి ఉంది. మందు పేరూ, పవరూ, గడువు తేదీ షీటుకి ఒక చివరే అచ్చువేసి ఉంటాయి. రెండో చివర నుంచి కోసుకుంటూ రావాలి. పేరున్న ముక్క ఆఖరిదాకా షాపులో ఉండాలి. ఇది మొదటి రోజునే నేర్పే పాఠం. కానీ కొనేవాళ్ళు ఊరుకుంటారా? "పేరున్న వైపే ఇవ్వు నాయనా, మళ్ళీ వచ్చినప్పుడు చూపించొద్దూ?" అంటారు. కాదనడం కత్తెరాయనకి చేతకాదు. అలా పేరు లేని ముక్కలు వెనక మిగిలిపోయేవి. పారెయ్యమనేవాడు ఓనరు. ఈయనకి మనసొప్పక, కౌంటరు కింద ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు.

వాటిని ఎవరికీ అమ్మేవాడు కాదు. ఆ నియమం గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికి తీసుకెళ్ళేవాడు, అంతే. రేకు మెరుపు, వెనక గీతల వరస, బిళ్ళ అంచు, చూడగానే ఏ మందో, ఎంత పవరో చెప్పేసేవాడు. ఒకసారి ఒక మందుల కంపెనీ మనిషి పందెం కట్టి ఇరవై ముక్కలు కౌంటరు మీద పోశాడు. ఇరవైకి ఇరవై చెప్పాడు. "కళ్ళా, అచ్చు యంత్రమా?" అన్నాడు ఆ మనిషి. కత్తెరాయన నవ్వలేదు గానీ ఆ మాట చాలా ఏళ్ళు దాచుకున్నాడు.

ఇంట్లోకి కుక్క వచ్చింది ఆ తరవాతే. భార్య ఇంట్లో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫాంలు కుట్టేది. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక డబ్బున్న కుటుంబం, ఊరెళ్తున్నాం, రెండు వారాలు చూసుకోండి అని కుక్కని వదిలి వెళ్ళింది. రెండు వారాల తరవాత వెళ్ళి చూస్తే ఆ ఇంటికి వేరే తాళం వేలాడుతోంది.

కుక్కతో పాటు దాని అలవాట్లూ పెట్టె బేడా సర్దుకుని వచ్చేశాయి. మెత్తటి పరుపు, రెండు స్వెట్టర్లు, నీళ్ళు నిలవుంటే తాగదని నీళ్ళు పారే గిన్నె, నెలకి రెండుసార్లు కుక్కల సెలూన్లో స్నానం. ఇంటిల్లిపాదీ తినేదాని కంటే ఖరీదైన సంచీ తిండి. భార్య దాన్ని చిన్నోడు అనేది. కత్తెరాయన మాత్రం అల్లుడుగారు అనేవాడు.

"ఇవాళ అల్లుడుగారు ఏం సెలవిచ్చారు?" అని అడిగేవాడు చెప్పులు విప్పుతూ.

"గిన్నెలో నీళ్ళు పారడం లేదని అలిగాడండీ. ఆ మోటారు బాగుచేయించండి."

"నీళ్ళు పారకపోతే తాగడా? ఇన్నేళ్ళ నా బతుకులో నాకోసం ఎవరైనా నీళ్ళు పారించారా?"

"మీకు కుళాయి ఉందిగా, తిప్పుకోండి."

రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చారు. ఆ తరవాత కుక్కకి గుండె జబ్బు బయటపడింది. పశువుల డాక్టరమ్మ ఒక సీసా రాసింది. రోజుకి మూడు బిళ్ళలు, పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి. సీసా మీద నవ్వుతున్న కుక్క బొమ్మ, బిళ్ళలకి మాంసం వాసన. ధర చూసి కత్తెరాయన సీసాని రెండుసార్లు తిప్పాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివితే అది ఆయన అలమరాలో మూడో అరలో మనుషుల కోసం ఉన్న మందే. ధరలో పదో వంతు.

అప్పుడు మొదలుపెట్టాడు తగ్గించడం. సెలూను మానిపించి పెరట్లో తనే స్నానం చేయించాడు. స్వెట్టరు చిరిగితే కొత్తది కొననివ్వలేదు. నీళ్ళ గిన్నె మోటారు అటకెక్కింది. తర్వాత సంచీ తిండి మానేసి ఇంట్లో వండింది పెట్టించాడు. కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండు రోజులు గిన్నె ముట్టలేదు. భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నఖరాలు. ఆకలేస్తే అదే తింటుంది," అన్నాడు.

మూడో రోజు తింది. తన మాటే గెలిచిందని ఆయనకి సంతోషం వేసింది.

"అన్నీ మీ ఇష్టం వచ్చినట్టు తగ్గించండి. వాడి మందు జోలికి మాత్రం రాకండి," అంది భార్య.

"నేనెందుకు వస్తాను?" అన్నాడు.

వచ్చాడు. ఖాళీ అయిన కుక్క బొమ్మ సీసాలో తన డబ్బాలోని పేరు లేని ముక్కల బిళ్ళలు గిల్లి పోశాడు. రంగు మారిందేమని ఆమె అడిగితే కంపెనీ మార్చిందన్నాడు. ఏడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. కుక్క తోక ఆడిస్తూనే ఉంది.

ఒక గురువారం పొద్దున కూడా మామూలుగానే బయల్దేరాడు. గడపలో భార్య అడ్డం వచ్చింది. "చిన్నోడు నిన్నట్నుంచీ ఏం ముట్టడం లేదండీ. పొద్దున వాంతి చేసుకున్నాడు."

"మళ్ళీ మొదలెట్టాడా? రేపటికి దారికొస్తాడు. మందు మాత్రం పూట తప్పించకు."

పదకొండింటికి బ్యాంకు వాచ్‌మన్ వచ్చాడు. పెద్దాయన, పదేళ్ళుగా ఇక్కడే మందులు కొంటాడు. కౌంటరు మీద రెండు ముక్కలు పెట్టాడు.

"ఏమయ్యా, నువ్వు మొన్నిచ్చిన బిళ్ళలు తెల్లగా ఉన్నాయి. నావి పసుపుపచ్చగా ఉండేవి కదా. తక్కువ పవరువి అంటగట్టావా ఏంటి?"

"నేనలా ఇస్తానా పెద్దాయనా?" అంటూ ముక్క అందుకున్నాడు. పేరున్న వైపే. పది పవరు. అచ్చు స్పష్టంగా ఉంది. వెండి రేకు. లోపల తెల్లటి చిన్న బిళ్ళ.

పది పవరు ఎప్పుడూ ఆకుపచ్చ గీత రేకులో వచ్చేది. బిళ్ళ పసుపు. వెండి రేకులో తెల్ల బిళ్ళ అంటే రెండున్నర పవరు. అది కళ్ళు మూసుకున్నా ఆయనకి తెలిసిన సంగతి. మూడో అర దగ్గరికి వెళ్ళాడు. రెండు పెట్టెలూ తెరిచాడు. ఒకే రేకు, ఒకే తెలుపు, ఒకే సైజు. అలమరా తలుపు లోపల కంపెనీవాళ్ళు పంపిన కాగితం అంటించి ఉంది. రంగు తీసేశామనీ, పవరు చదివి ఇమ్మనీ. నెల రోజుల కిందటి తేదీ. రోజుకి వందసార్లు ఆ తలుపు తీస్తాడు. చదవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

పెట్టెలు రెండూ మూసి, సోమవారం అమ్మకం గుర్తుచేసుకున్నాడు.

ఈ పెద్దాయన సోమవారం రెండు షీట్లలోంచి ఆరేసి చొప్పున పన్నెండు తీసుకున్నాడు, పేరున్న వైపు. వెనక మిగిలినవి రెండు ముక్కలు, నాలుగేసి బిళ్ళలు. ఆ సాయంత్రమే వాటిని రెండున్నరవే అనుకుని సీసాలో గిల్లిపోశాడు, ఇంకొన్ని పాతవాటితో కలిపి. ఎనిమిది. ఒక్కొక్కటీ ఆ కుక్కకి నాలుగు పూటల మందు. గుండెని నెమ్మదిగా కొట్టించే మందు. అది ఎక్కువైతే గుండె ఇంకా నెమ్మదిస్తుంది, ఇంకా, ఇంకా. అన్నం సయించదు. వాంతులవుతాయి. ముప్ఫై ఏళ్ళుగా కాగితాల మీద చదువుతున్న మాటలే.

నఖరాలు అన్నాడు తను. పూట తప్పించకు అన్నాడు.

ఇంటికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మిషను తొక్కుతూ ఉంటే ఆమెకి వినపడదు. మళ్ళీ చేశాడు.

"ఇంటికి వెళ్ళాలి," అన్నాడు ఓనరుతో.

"రద్దీ టైములోనా? ఏమైంది?"

"కుక్కకి బాగాలేదు."

ఓనరు కళ్ళజోడు మీదుగా చూశాడు. "నా పెళ్ళానికి ఆపరేషన్ అయిన రోజున నేను రెండింటిదాకా షాపులో ఉన్నాను, గుర్తుందా?"

గుర్తుంది. రెండో గుమస్తా ఇంకా రాలేదు, అతను వచ్చేదాకా ఆగమన్నాడు ఓనరు. అతను వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆ రెండు గంటల్లో ఆయన ఎవరికి ఏం కోసి ఇచ్చాడో ఆయనకే తెలీదు. ఫోను మాత్రం తొమ్మిదిసార్లు చేశాడు.

బస్సులో నిలబడ్డాడు, సీటు ఖాళీగా ఉన్నా. రెండింటి బిళ్ళ. అది పడకముందు చేరాలి. సీసాలో పాతవి అడుగున ఉన్నాయా, కొత్తవి పైన ఉన్నాయా? పోసేటప్పుడు ఆడించాడా? సీసా ఆడించడం తనకి అలవాటు. ఆడించే ఉంటాడు. అంటే ఏది ఎప్పుడు పడిందో దేవుడికే తెలియాలి. ఒక్కో స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా డ్రైవరు దిగి నీళ్ళు తాగడానికి వెళ్తాడేమోనని ఒళ్ళు బిగిసిపోయేది. ఎవరో ముసలావిడ మెట్టెక్కడానికి ఆలస్యం చేస్తే ఆమె మీద పళ్ళు కొరికాడు. ఆ తరవాత సిగ్గుపడ్డాడు గానీ, పళ్ళు మాత్రం వదలలేదు.

వీధి మొదట్లో దిగి పరుగులాంటి నడక నడిచాడు. దూరం నుంచే చెవి రిక్కించాడు. మిషను చప్పుడు లేదు. ఎప్పుడూ వినిపించే చప్పుడు వినిపించకపోవడం అంత భయంగా ఉంటుందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

భార్య స్నానాలగదిలో కింద కూర్చుని ఉంది. చల్లటి గచ్చు మీద కుక్క పక్కకి పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆయన్ని చూడలేదు. తోక కదల్లేదు.

"ఫోను ఎత్తవేం?"

"వీణ్ణి వదిలి లేవలేదండీ. మెడ నిలబెట్టడం లేదు, చూడండి."

"మందు? రెండింటి మందు వేశావా?"

"ఒంటిగంటకే వేసేశాను. మందు పడితే తేరుకుంటాడని." ఆమె కుక్క మెడ కింద చెయ్యి పెట్టింది. "ఉమ్మేయబోతే నోరు పట్టుకుని మింగించాను."

ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. గదిలోకి వెళ్ళాడు. మంచం పక్కనున్న సీసా తీసి అరచేతిలోకి ఒంపాడు. తెల్లగా, గుండ్రంగా, ఒకదానిలాగే ఇంకొకటి. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో చూశాడు. ఏమీ తేడా లేదు. ఇరవైకి ఇరవై చెప్పిన కళ్ళు.

పశువుల డాక్టరమ్మ దగ్గర స్టీలు బల్ల మీద కుక్కని పడుకోబెట్టారు. ఆమె చెవులకి గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. గడియారం చూసింది. మళ్ళీ విన్నది.

"మందు సరిగ్గా వేస్తున్నారా?"

"ఒక్క పూట తప్పలేదమ్మా," అంది భార్య. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది, సాక్ష్యం చూపించినట్టు. "మీరు రాసిందే. ఏం మానేసినా ఇది మానలేదు."

డాక్టరమ్మ సీసా మీది కుక్క బొమ్మ చూసి తల ఊపింది. మూత తియ్యలేదు. "ఈ మోతాదుకి ఇంత నెమ్మదించకూడదు. జబ్బే ముదిరినట్టుంది. వయసు కూడా అయింది కదా. ఒక ఇంజెక్షను ఇస్తాను. ఇంటికి తీసుకెళ్ళి, ఇదే మందు వేస్తూ ప్రశాంతంగా ఉంచండి. ఇంతకంటే..." అని ఆపేసింది.

భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

కత్తెరాయన అప్పుడు ఒక సంగతి గ్రహించాడు. తను నోరు విప్పకపోతే ఇది ఇంతటితో అయిపోతుంది. జబ్బు ముదిరింది, వయసు అయింది. ఎవరూ ఏమీ అనరు. భార్య ఏడుస్తుంది, తను ఓదారుస్తాడు. కుక్క బొమ్మ సీసా చెత్తబుట్టలోకి పోతుంది. అంత సులువుగా తోచిన ఆ దారిని చూసి కుక్క చావు కంటే ఎక్కువగా జడుసుకున్నాడు. మోచెయ్యి మీద ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

"అందులో ఉన్నవి మీరు రాసినవి కావు డాక్టరమ్మా," అన్నాడు.

"అంటే?"

"మనుషుల బిళ్ళలు. అదే మందు. నేనే పోశాను."

"ఎంత పవరు?"

"రెండున్నర అయ్యుండొచ్చు. పది కూడా అయ్యుండొచ్చు. కలిసిపోయాయి."

"అయ్యుండొచ్చు అంటే ఏంటండీ? షీటు మీద ఉంటుంది కదా."

"ఆ ముక్కల మీద పేరు ఉండదు."

మోచెయ్యి మీద చెయ్యి తీసేసిన సంగతి ఆయనకి చలిగా తెలిసింది. భార్య వైపు చూడలేదు. డాక్టరమ్మ అప్పటికే సూదులు, సీసాలు, ఎవరినో కేకేయడం, అన్నీ ఒక్కసారే మొదలుపెట్టింది. "బయట కూర్చోండి," అంది, అంతే.

బయట బల్ల మీద ఇద్దరికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటుంది. లోపలి నుంచి ఏ చప్పుడు వచ్చినా ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూసేవాళ్ళు. తలుపు తెరుచుకుంటే భయం, తెరుచుకోకపోతే భయం. ఆమె తలుపు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"నాకు తెచ్చే బీపీ బిళ్ళలు కూడా ఆ డబ్బాలోవేనా?"

ఆయన తల ఊపాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచీ."

ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది, రోజూ బిళ్ళ పెట్టుకునే చెయ్యి. ఆయనకి తిట్టినా బాగుండునని అనిపించింది. ఏడు నెలల భయం కాదిది, ముప్ఫై ఏళ్ళది, వెనక్కి వెనక్కి పోతోంది. ఆమెకి కళ్ళు తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. ఎండ వల్ల అనుకున్నవి. ఏమీ తినకపోవడం వల్ల అనుకున్నవి.

కుక్క ఆ రాత్రి గడిపింది. మర్నాడూ అక్కడే ఉంది. మూడో రోజు పొద్దున మెడ ఎత్తింది. డాక్టరమ్మ చేతిలో ఉన్నది నాకి చూసి, తరవాత తింది. అయిన ఖర్చు చూస్తే ఆయన ఏడు నెలలు మిగిల్చింది మిగిల్చినట్టే పోయి, పైన ఇంకొంత అంటుకుంది.

"నన్ను అడిగి ఉండాల్సింది," అంది డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు. ఆమె కోపంగా కూడా లేదు, అదే ఆయనకి కష్టంగా ఉంది. "మనుషుల బిళ్ళ నేనే రాసిచ్చేదాన్ని. చాలామందికి రాస్తాను, అదే మందు, చవక. ఆ సెలూను స్నానాలూ స్వెట్టర్లూ దీనికి అక్కర్లేదు, మంచిపనే చేశారు. ఇంట్లో తిండి కూడా సరిపోతుంది, ఉప్పు లేకుండా. తగ్గించడం తప్పు కాదండీ. ఏం తగ్గిస్తున్నారో చదవకుండా తగ్గించారు." చీటీ రాసి ఇచ్చింది. పవరు చుట్టూ రెండుసార్లు గుండ్రంగా గీసింది, పిల్లలకి రాసినట్టు.

ఇంట్లో భార్య మందులన్నీ తన అధీనంలోకి తీసుకుంది. పేరున్న పూర్తి షీట్లు మాత్రమే, వేరే షాపునుంచి. బిళ్ళ వేసేముందు పేరు, పవరు, తేదీ గట్టిగా చదివేది. ఆయనకి వినిపించాలని కాదు. ఆయన వింటున్నాడని తెలిసి కూడా కాదు. ఆయన పక్కగదిలో ఉంటే ఆ చదువు అయ్యేదాకా ఊపిరి పీల్చేవాడు కాదు.

"అంతా బాగానే అయింది కదండీ, ఇంకా ఏంటి ఆ మొహం?" అంది వారం తరవాత. మంచిగానే అంది.

షాపులో బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసేశాడు. ఖాళీ డబ్బా కూడా పారేశాడు. ఐనా లాభం లేకపోయింది. ఆ గురువారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా కౌంటరు దగ్గరికి ఎవరెవరు వచ్చారు? ఒక గర్భిణి వచ్చినట్టు గుర్తు. తువ్వాలు కప్పుకున్న మనిషి ఒకడు. వాళ్ళకి ఏం ఇచ్చాడు? మళ్ళీ కనిపిస్తే బాగుండునని ప్రతి మొహంలోనూ వెతికేవాడు. కనిపించకపోతే, ఎందుకు కనిపించడం లేదో ఊహించుకునేవాడు.

కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడేది కాదు. ఒక చీటీ మూడుసార్లు చదివేవాడు. షీటు నాలుగుసార్లు. కవర్లో వేసి, మళ్ళీ తీసి. వరస గుమ్మం దాటి రోడ్డు మీదికి పోయేది.

"ఏంటి, పరీక్షకి బట్టీ పడుతున్నావా?" అనేవాడు ఓనరు. వరసలో ఎవరో నవ్వేవాళ్ళు. "నీ కళ్ళకి ఏమైనా వచ్చిందా? ఒకప్పుడు ఇరవైకి ఇరవై చెప్పినోడివి."

ఒక మంగళవారం పొద్దున చంకలో పాపతో ఒక ఆడమనిషి వచ్చింది. జ్వరానికి నాలుగు బిళ్ళలు, సగం సగం వెయ్యమని చీటీ. ఆయన చదివాడు. షీటు తీశాడు. చదివాడు. కోసి ఇచ్చాడు. ఆమె నాలుగడుగులు వేసేసరికి, "అమ్మా, ఒక్కసారి ఇలా ఇవ్వండి," అన్నాడు. ఆమె వెనక్కి వచ్చింది. చూశాడు. సరిగ్గానే ఉంది. ఇచ్చాడు. ఆమె మెట్టు దిగబోతుంటే మళ్ళీ పిలిచాడు.

"ఏంటండీ ఇది? పాప ఒళ్ళు కాలిపోతోంది," అంది ఆమె విసుగ్గా.

"సరిగ్గానే ఉందా, మీరే ఒకసారి చదవండి."

"నాకు చదువు రాదండీ. మిమ్మల్ని నమ్మే కదా తీసుకెళ్తున్నాను."

ఆమె వెళ్ళిపోయింది. వరసలో తరవాతి మనిషి చీటీ చాపాడు. కత్తెరాయన ఆ చీటీ అందుకున్నాడు, కాసేపు పట్టుకుని నిలబడ్డాడు, తిరిగి అతని చేతిలోనే పెట్టాడు. ఓనరు అటు తిరిగి ఫోనులో ఎవరితోనో సరుకు ఆలస్యమైందని గొడవ పడుతున్నాడు. ఈయన కౌంటరు పలక ఎత్తి, కొనేవాళ్ళు నిలబడే వైపుకి వచ్చాడు. వరసలో వాళ్ళు దారి ఇచ్చారు. చిల్లర తేవడానికి వెళ్తున్నాడని అనుకున్నారు. ఓనరు కూడా అదే అనుకుని, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, త్వరగా రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ చెయ్యి ఊపింది ఆయన చూడలేదు. అప్పటికే మలుపు తిరిగిపోయాడు.